చేటెడు తవుడు

సూరమ్మత్త నన్ను తవుడు అడిగిన రోజుకి ఆమె పెరట్లో ఒక్క కోడి కూడా లేదు.

"మిల్లు నుంచి వచ్చేటప్పుడు చేటెడు తవుడు పట్రా చంద్రం. మెత్త తవుడు. నూకలు కలవకూడదు" అంది మంచం మీద నుంచి.

"కోళ్ళెక్కడున్నాయత్తా నీకు?"

"నీకెందుకురా? మోసేవాడివి, మోసుకురా."

నేను రైసు మిల్లులో బస్తాలు మోసే ముఠా కూలీని. ఆరో తరగతి మధ్యలో బడి మానేసి మిల్లుకెళ్ళాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. తవుడు నా చొక్కా మడతల్లోనే ఉంటుంది. సాయంత్రం దులిపితే గుప్పెడు రాలుతుంది. అలాంటివాణ్ణయినా, ఆ చేటెడు తవుడు ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. మా వీధిలో తవుడంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కోళ్ళు కాదు, తవిటయ్య.

తవిటయ్య సూరమ్మత్త మూడో కొడుకు. మొదటి ఇద్దరూ పురుటి మంచం దిగకుండానే పోయారు. మూడోవాడు పుట్టినప్పుడు మా వైపు అలాంటి తల్లులు చేసే పనే ఆమె కూడా చేసింది. బిడ్డని చేటలో పడుకోబెట్టి వీధి చివర పెంటకుప్ప మీద పెట్టింది. ఎదురింటి ఏసమ్మ ఇంకో చేటలో తవుడు తెచ్చి, ఆ తవుడిచ్చి పిల్లాణ్ణి కొనుక్కుంది. అంటే ఆ బిడ్డ ఇక సూరమ్మ బిడ్డ కాదు. ఆమె పిల్లల కోసం చావు మళ్ళీ వస్తే, ఇక్కడెవరూ లేరనుకుని వెళ్ళిపోవాలి. ఏసమ్మ ఆ బిడ్డని తీసుకొచ్చి సూరమ్మ ఒళ్ళోనే పెట్టి, "వీడు నా పిల్లాడు. నువ్వు సాకుతున్నావంతే" అంది. తవుడుకి వచ్చాడు కాబట్టి తవిటయ్య అని పేరు పెట్టారు. కుడి ముక్కుకి కన్నం పొడిపించి రాగి తీగ చుట్టారు.

ఏసమ్మ లూథరన్ చర్చికి వెళ్ళే మనిషి. ఆ బేరం సంగతి తెలిసి పాస్టరుగారు కోప్పడ్డారట.

"ఆదివారం ప్రసంగం అంతా నా వంకే చూస్తా చెప్పేరు" అని ఏసమ్మ నవ్వుతూ చెప్పేది. "ఏం చెయ్యనండీ, పిల్లాడు బాగున్నాడు, తవుడు పాతది, బేరం కుదిరిపోయింది అన్నాను."

ఆమెకి పిల్లలు పుట్టలేదు. మొగుడు కూడా తొందరగానే పోయాడు. సూరమ్మత్తకీ మొగుడు లేడు. ఎదురెదురు ఇళ్ళలో ఇద్దరూ వదినా అంటే వదినా అనుకుంటూ, రోజూ ఏదో ఒకదానికి పోట్లాడుకుంటూ ఆ ఒక్క పిల్లాణ్ణీ పెంచారు. మీసాలొచ్చాక తవిటయ్య ముక్కు తీగ పీకి పారేశాడు. కన్నం మాత్రం మిగిలింది.

ఇరవై రెండేళ్ళకి కాకినాడలో చేపల బోటు మీద కళాసీగా చేరాడు. తొంభై ఆరు నవంబరు తుఫానుకి వాళ్ళ బోటు సముద్రంలో ఉంది. మళ్ళీ రాలేదు.

ఆ తుఫానులో మా చుట్టుపక్కల ఏ వీధి చూసినా ఇలాగే ఉండేది. కొందరి శవాలు దొరికాయి. దొరకనివాళ్ళకి కొన్ని నెలలు చూసి కర్మ చేసేశారు. సూరమ్మత్త మాత్రం ఒప్పుకోలేదు. "కనపడనివాణ్ణి నేను చంపనండి" అంది పెద్దలతో.

ఆమెకి ఆ ధైర్యం ఇచ్చింది విజయ్ పాల్ మాస్టారు. ఏసమ్మకి అన్నగారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరయి, చెల్లెలి ఇంటి పక్కనే ఉండేవారు. ఆదివారం సాయంత్రాలు మేం వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చుంటే కథలు చెప్పేవారు. అవి మన కథలు కాదు. గ్రీసు అనే దేశంలో, ఏసుప్రభువు పుట్టకముందు నుంచీ వీరుల మీద పాడుకున్న పెద్ద పెద్ద పాటలట. ఆ దేశం ఎటువైపుందో నాకు తెలియదు గానీ ఆ కథలు వింటుంటే నడుం నొప్పి మర్చిపోయేవాణ్ణి.

తుఫాను తర్వాత ఒక ఆదివారం సూరమ్మత్త కూడా వచ్చి మెట్టు మీద కూర్చుంది. మాస్టారు తన అరచెయ్యి చాపి చూపించారు.

"ఆ పాటల్లో వీరుడెవడైనా నడిచే దారి ఇంచుమించు ఒకటేనమ్మా. బొటనవేలు, ఇల్లు విడిచి పోవడం. చూపుడు వేలు, సముద్రంలో పడే పాట్లు. నడిమి వేలు అన్నిటికన్నా కష్టం. ప్రాణంతోనే చచ్చిపోయినవాళ్ళ లోకం దాకా వెళ్ళి రావాలి. అక్కడ తనవాళ్ళు కనపడతారు, కావలించుకోబోతే చేతికందరు. ఉంగరం వేలు, తిరిగి ఇంటికి రావడం. చిటికెన వేలు, ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టడం."

"గుర్తుపట్టకపోవడమేంటండీ?"

"ఏళ్ళు గడిచిపోతాయి కదమ్మా. బిచ్చగాడిలా వస్తాడు. ఒంటి మీద పాత మచ్చ ఏదో చూసి పోల్చుకుంటారు."

"మావాడికి ముక్కు కన్నముంది" అంది సూరమ్మత్త.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. "ఇవాళ ఏ వేలు మీదున్నాడండీ మావాడు?" అని అడిగేది. మాస్టారు నడిమి వేలు చూపించేవారు. ఏడాది, రెండేళ్ళు, ఐదేళ్ళు. ఆ వేలు దగ్గరే ఉన్నాడు తవిటయ్య. ఒకరోజు మాస్టారికే భయమేసింది.

"అమ్మా, నీకు ఒక సంగతి చెప్పలేదు. ఆ పాటల్లో కూడా అందరూ తిరిగి రారు. ఓడ నిండా వెళ్తే ఆఖరికి ఒక్కడొస్తాడు."

"ఒక్కడు చాలండి నాకు" అంది.

రెండువేల మూడులో గోదావరి పుష్కరాలు వచ్చాయి. ఊళ్ళో వాళ్ళందరూ లారీలు కట్టుకుని రాజమండ్రి బయల్దేరారు, పోయినవాళ్ళకి పిండాలు పెట్టడానికి. సూరమ్మత్త రానంది. ఆమెను ఒప్పించింది నేనే. ఇది నేను ఎవరి మీదికీ నెట్టలేను.

"అత్తా, వాడు నిజంగా పోయుంటే ఏడేళ్ళుగా గుక్కెడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు లేక తిరుగుతుంటాడు. మళ్ళీ పుష్కరాలు పన్నెండేళ్ళకి గానీ రావు. అప్పటికి నువ్వుంటావా?" అన్నాను.

ఆమె నా మొహం చాలాసేపు చూసింది. "నీళ్ళు లేకుండానా?" అంది. అంతే, లేచి చీర మార్చుకుంది.

రేవులో పురోహితుడు దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దానికి తవిటయ్య పేరు పెట్టి సంస్కారం చేయించాడు. కర్తగా తవిటయ్య పెదనాన్న కొడుకు సత్తిరాజు కూర్చున్నాడు. ఆఖర్న పిండాలు నీళ్ళలో వదలడానికి మాత్రం సూరమ్మత్త ముందుకొచ్చింది. "నేనే ఇస్తాను" అంది. జనం తోసుకుంటుంటే నేను ఆమె భుజం పట్టుకుని నిలబడ్డాను. పిండాలు నీళ్ళలో పడ్డాక కూడా ఆమె దోసిలి అలాగే చాచి ఉంచింది.

మూడు నెలలు గడిచాయి. కార్తీక మాసం. మిల్లు ముందు లారీకి ఎత్తుతున్నాం. గేటు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. గెడ్డం నెరిసింది, ముందు పళ్ళు రెండు లేవు. ద్రాక్షారామం వచ్చిన యాత్రికుడేమో, అన్నం అడుగుతాడేమో అనుకున్నాను.

"చంద్రం బావా" అన్నాడు.

వీపు మీద బస్తాతోనే నిలబడిపోయాను. అతను దగ్గరికొచ్చి తల పైకెత్తాడు. కుడి ముక్కుకి కన్నం.

బోటు మునిగాక ఒక చెక్క పట్టుకుని తేలాడట. మూడో రోజు ఏదో పరాయి దేశపు పడవ వాళ్ళు పైకి తీశారు. తూర్పున ఒక తీరంలో దించారు. కాగితాల్లేవని జైల్లో పెట్టారు. నాలుగేళ్ళు అక్కడ. వదిలాక దారి ఖర్చుల కోసం ఉప్పు మళ్ళలో పని. రెండు ఉత్తరాలు రాయించాడట. అవి ఏ భాషలో రాశారో, ఏ ఊరు చేరాయో.

"అమ్మ ఉందా?" అని అడిగాడు.

ఉంది అన్నాను. పుష్కరాల సంగతి చెప్పలేకపోయాను. దారంతా చెబుదామనుకుంటూనే వీధిలోకి వచ్చేశాం.

సూరమ్మత్త గుమ్మంలో కూర్చుని చేపలు కడుగుతోంది. నేను ఏమీ చెప్పకముందే తలెత్తింది. లేచింది. చేపల నీళ్ళు కారుతున్న చెయ్యి అతని మొహం దాకా వెళ్ళింది. ముక్కు కన్నానికి వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుకి తుడుచుకుంది.

"ఎవరండీ మీరు?" అంది.

"అమ్మా, నేనే!"

"మా అబ్బాయికి పుష్కరాల్లో పిండం పెట్టేశామండి. మీరెవరో ఏసమ్మగారి తాలూకు అనుకుంటాను. ఎదురిల్లు."

తలుపు వేసేసింది. అతను గుమ్మం బయట చేపల గిన్నె పక్కనే కూలబడ్డాడు. ఎదురింట్లోంచి ఏసమ్మ పరిగెత్తుకొచ్చింది. చూసింది, అరిచింది, రెండు చేతులతో వాడి తల పట్టుకుని తన ఇంట్లోకి లాక్కుపోయింది.

సూరమ్మత్తకి మతి చలించిందనుకున్నాం. కాదు. మర్నాడు పురోహితుణ్ణి పిలిపించి పెద్దలు అడిగితే ఆయన దారి చెప్పాడు. కర్మ చేశాక తిరిగొచ్చినవాడు మళ్ళీ పుట్టాలి. నేతితో స్నానం చేయించి, పసిబిడ్డకి చేసినట్టే అన్నీ చేసి, మళ్ళీ పేరు పెట్టాలి. మాస్టారు అది విని ఆశ్చర్యపోయారు. గ్రీసు దేశంలో కూడా అచ్చం ఇలాగే కడిగి, పొత్తిగుడ్డల్లో చుట్టేవారని చెప్పారు. ఇంక అడ్డేముందని అందరం సూరమ్మత్త వైపు చూశాం.

"పుడితే మళ్ళీ నాకే కదండీ పుట్టాలి?" అంది ఆమె. "నాకు పుట్టినవాళ్ళని ఆ చావు ఉండనివ్వదు. ఇద్దర్ని తీసుకుపోయింది. మూడోవాణ్ణి నా చేత్తో నేనే దానికిచ్చేను. ఇచ్చింది మళ్ళీ లాక్కుంటే ఊరుకుంటాదా? ఏసమ్మ వదిన పిండం పెట్టలేదు. ఆమె కొడుకు చచ్చిపోలేదు. ఆమె కొడుకుగా ఉంటే బతుకుతాడు. ఉండనివ్వండి."

ఎంతమంది చెప్పినా మాట మార్చలేదు. నేను కాళ్ళు పట్టుకున్నాను. "నిన్ను తప్పుపట్టటం లేదురా. నీళ్ళ కోసమే కదా చెప్పేవు" అంది. తప్పుపట్టి ఉంటే నాకు ఇంకొంచెం నిద్ర పట్టేది.

అలా మూడేళ్ళు గడిచాయి. తవిటయ్య ఏసమ్మ ఇంట్లో ఉన్నాడు. సముద్రం వైపు వెళ్ళలేదు. మా మిల్లులోనే కళ్ళంలో ధాన్యం ఆరబెట్టే పనికి కుదిరాడు. సాయంత్రం ఇద్దరం కలిసి వచ్చేవాళ్ళం. తన ఇంటి అరుగు మీద సూరమ్మత్త కూర్చుని ఉండేది.

"పనయ్యిందాండీ?" అని అడిగేది.

"ఆయ్, అయ్యిందండి" అనేవాడు తల దించుకుని.

ఆమె కూర వండితే సగం గిన్నెలో పోసి వీధి దాటించేది. "వదినా, మీ అబ్బాయికి పెట్టు. కట్టిపరిగె చేపల పులుసు."

"మా అబ్బాయికి నిన్న నీ పులుసులో ఉప్పు చాల్లేదంట" అనేది ఏసమ్మ.

"ఉప్పు మళ్ళలో పనిచేసొచ్చేడు కదా, ఎంతేసినా చాలదు. నోరు మూసుకుని తినమను మీ అబ్బాయిని."

నవ్వుకునేవాళ్ళం. తవిటయ్య నవ్వేవాడు కాదు.

ఒక వర్షాకాలం వాడికి కామెర్లు వచ్చాయి. పది రోజులు మంచం దిగలేదు. సూరమ్మత్త వీధి దాటలేదు. తన గుమ్మంలో నిలబడి, వచ్చేపోయేవాళ్ళందర్నీ "ఏసమ్మ వదిన కొడుక్కి ఎలా ఉందండీ?" అని అడుగుతూనే ఉంది. కళ్ళ పచ్చదనం తగ్గాక తవిటయ్య లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వీధి దాటి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"జైల్లో పేరుండేది కాదే నాకు. నంబరుండేది. ఆ నంబరు పిలిచినప్పుడల్లా నువ్వు నన్ను పిలవడం గుర్తు చేసుకునేవాణ్ణి. ఒక్కసారి పిలువు. చస్తే చస్తాను."

సూరమ్మత్త పెదాలు కదిలాయి. వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళి గడియ పెట్టింది. తలుపుకి అవతల ఆమె నేల మీద పడి దొర్లుతున్న చప్పుడు వాడి వెనకే ఉన్న నేను విన్నాను. వాడూ విన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మాస్టారు ఆ రోజు తన చెయ్యి తనే చూసుకుంటూ, "చిటికెన వేలే తేలికనుకున్నానురా చంద్రం" అన్నారు.

ఇంక తవుడు సంగతి. రెండువేల ఆరు వానల్లో సూరమ్మత్త కడుపులో ఏదో కాయ లేచి మంచం పట్టింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ఇంటికి తీసుకెళ్ళి కావల్సినవి పెట్టమన్నారు. అప్పుడే నన్ను తవుడు అడిగింది. తెచ్చాను. చేటలో పోయించి, వేళ్ళతో తడిమి నూకలున్నాయేమో చూసింది. తర్వాత ఒక పాత చీర ముక్కలో మూట కట్టించింది.

"అటక మీద పెట్టు. నేను పోయాక, పాడె ఎత్తకముందు ఏసమ్మ వదిన ఒళ్ళో పొయ్యి. నా పిల్లాణ్ణి నాకు ఇచ్చెయ్యమను."

నేను మూట పట్టుకుని ఎదురింటి వైపు చూశాను.

"నేనుండగా వద్దురా. నేను పోతే నాకు పుట్టినవాళ్ళని పట్టుకునే ఆ పీడ కూడా నాతోనే కాలిపోద్ది. అప్పుడు వాడికేం కాదు."

"వాడికి ఇప్పుడే చెప్తానత్తా. ఇంకా నాలుగు రోజులుంటావు కదా. ఒక్కసారి..."

"చెప్తే వచ్చేస్తాడు. వస్తే అమ్మా అంటాడు. నేను ఉండలేనురా చంద్రం. నా మీద ఒట్టు."

ఒకసారి నా మాట విని ఆమె కొడుకుని నీళ్ళలో వదిలింది. అందుకే ఈసారి ఆమె మాట నేను విన్నాను. ఆ ఆరు రోజులూ మిల్లులో వాడి పక్కనే పనిచేశాను. "బావా, అన్నం తింటోందా ఆవిడ?" అని అడిగేవాడు. తింటోంది అనేవాణ్ణి. నిజానికి ఆమె పళ్ళేన్ని చూడను కూడా చూడటం లేదు.

ఏడో రోజు తెల్లవారుతూనే ప్రాణం పోయింది.

పొద్దెక్కేసరికి శవాన్ని వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. సత్తిరాజు తడి బట్టలతో నిప్పు కుండ దగ్గర నిలబడ్డాడు. తవిటయ్య ఏసమ్మ అరుగు మీద, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఊరొచ్చినప్పట్నుంచీ తల్లి గుమ్మం వాడు దాటలేదు, ఇప్పుడూ దాటలేదు. ఏసమ్మ శవం పక్కన కూర్చుని తల నిమురుతోంది. నేను అటకెక్కి మూట దించాను.

"ఏసమ్మత్తా, కొంగు పట్టు."

ఆమె మూట చూసింది. తవుడు వాసన ఆమెకి తెలియనిది కాదు. అందరికన్నా ముందు ఆమెకే అర్థమైంది. పిల్లల్లేని మనిషి. కొనుక్కున్న ముప్ఫై ఏళ్ళకి కొడుకు నిజంగా ఇంటికొచ్చి, మూడేళ్ళు ఆమె చేతి అన్నం తిన్నాడు. ఆమె వీధి అవతల ఉన్న వాడి వైపు చూసింది, తర్వాత శవం వైపు చూసింది. కొంగు పట్టలేదు. "వాణ్ణి తిరిగి కొనుక్కుంటానని చెప్పి పోయింది అత్త" అన్నాను.

సత్తిరాజు విసుక్కున్నాడు. "పోయిన మనిషి కొనుక్కోడమేంటి? ఎండెక్కుతోంది, కానివ్వండి."

"అమ్మేదాన్ని నేను బతికే ఉన్నాను కదా? నోర్ముయ్యి" అంది ఏసమ్మ. లేచి నిలబడి, రెండు చేతులతో కొంగు చాపింది.

నేను తవుడు పోశాను. చేటెడు, మొత్తం. గాలికి కొంచెం లేచి సూరమ్మత్త పాదాల మీద పడింది. ఏసమ్మ కొంగు ముడి వేసుకుని వీధి దాటింది. తవిటయ్య చెయ్యి పట్టుకుని లేపి తీసుకొచ్చి, శవం పక్కన కూర్చోబెట్టింది.

"ఇదిగో వదినా, నీ పిల్లాడు. తవుడు ముట్టింది నాకు. ఇంక నాకు సంబంధం లేదు."

అప్పటికి గానీ వాడికి అర్థం కాలేదు. తల్లి చెయ్యి తీసుకుని, చూపుడు వేలు తన ముక్కు కన్నానికి ఆనించుకున్నాడు.

"ఎవరండీ మీరు అని అడగవేంటే?" అన్నాడు. "అడగవే అమ్మా. చెప్తాను. ఇప్పుడు చెప్తాను."

మాస్టారు నా పక్కనే నిలబడి ఉన్నారు. చెయ్యి ముడుచుకుని జేబులో పెట్టుకున్నారు. ఆయన పాటల్లో మనిషి ముందు చచ్చిపోయినవాళ్ళ లోకానికి వెళ్ళి, తర్వాత ఇల్లు చేరతాడు. తవిటయ్య ముందు ఊరు చేరాడు. ఇంట్లో అడుగు పెట్టేసరికి అక్కడ ఉన్నది చచ్చిపోయిన అమ్మ.

నిప్పు కుండ సత్తిరాజు చేతిలోంచి తీసుకుని వాడే పట్టుకున్నాడు. కాల్వ గట్టున కొరివి వాడే పెట్టాడు.

తిరిగొచ్చి, తడి బట్టలతో, మూడేళ్ళ అలవాటు కొద్దీ కాళ్ళు వాడిని ఏసమ్మ ఇంటి మెట్ల దాకా తీసుకెళ్ళాయి. ఏసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. బేరం మధ్యలో వదిలేస్తే మళ్ళీ ఏ చావు కంట పడతాడోనని ఆమెకీ భయమే.

"ఇటు కాదు బాబూ" అంది. వేలు చాపి వీధి అవతలికి చూపించింది. "మీ ఇల్లు అదండి. దీపం వెలుగుతోంది. వెళ్ళండి."

వాడు ఆమె వంక ఒక్క క్షణం చూసి, తల ఊపి, వీధి దాటాడు.

నేను ఏసమ్మ దగ్గరే కాసేపు నిలబడ్డాను. పొద్దుట వేసిన ముడి ఆమె ఇంకా విప్పలేదు. తవుడు బరువుకి కొంగు ముందుకు జారి, కడుపు మీద వేలాడుతోంది. దాని కింద చెయ్యి పెట్టి పట్టుకుని, ఎదురింట్లో దీపం వైపు చూస్తూ నిలబడింది.